‘టేక్’ అనే ఆంగ్ల క్రియ, చీనా విద్యార్థి: నానార్థబోధను గూర్చి ఒక విచారం

ఒకే శబ్దం అనేకార్థాలను బోధించడం భాషలన్నింటికీ సామాన్యధర్మం. అమరసింహుడు తన కోశంలోని తృతీయకాండలో నానార్థవర్గాన్ని ప్రత్యేకంగా కూర్చడమే ఇందుకు తార్కాణం. భోజనవేళ సైంధవం తెమ్మంటే ఉప్పు, ప్రయాణవేళ తెమ్మంటే గుర్రం అనే ఉదాహరణను అలంకారశాస్త్ర విద్యార్థులందరూ ఎరుగుదురు. అయితే ఈ చర్చ అంతా ఆ భాష వచ్చినవారి అనుభవాన్ని ఆధారం చేసుకొని సాగింది. భాష రానివాడు, దానిని పుస్తకం ద్వారా అభ్యసించేవాడు, నానార్థకపదాన్ని ఎదుర్కొన్నప్పుడు అతని మనస్సులో ఏమి జరుగుతుందనే ప్రశ్న మన శాస్త్రగ్రంథాలలో ప్రధానం కాలేదు. నేడు ఆ ప్రశ్నకు అత్యంత విస్తృతమైన ప్రయోగశాల చీనా దేశం. అక్కడి విద్యార్థి ఆంగ్లంలోని ‘టేక్’ అనే అతిసామాన్య క్రియతో పడే అవస్థను పరిశీలిస్తే నానార్థబోధలోని మూలసమస్య స్పష్టపడుతుంది.

ఈ సమస్య చిన్నది కాదు. 2001లో చీనా విద్యామంత్రిత్వశాఖ ప్రాథమిక పాఠశాలల మూడవ తరగతి నుండి ఆంగ్లబోధనను ప్రారంభించవలసిందిగా నిర్దేశించింది. విశ్వవిద్యాలయ ప్రవేశానికి జరిగే జాతీయ పరీక్షలో, చాలా రాష్ట్రాలలో, మొత్తం 750 మార్కులకు 150 మార్కులు విదేశీభాషవే. ఆ విదేశీభాష అత్యధికులకు ఆంగ్లమే. కావున ఒక క్రియకు పాఠ్యపుస్తకంలో ఏ అర్థం వ్రాయాలి, ఎన్ని వ్రాయాలి, ఏ క్రమంలో వ్రాయాలి అనేది కోట్ల పిల్లల శ్రమకు సంబంధించిన విషయం.

చీనా పదాలను తెలుగు లిపిలో వ్రాసినప్పుడు ఆ భాషకు ప్రాణభూతమైన స్వరభేదాలు కనిపించవు. ఇక్కడ చూపినవి ఉచ్చారణకు ఛాయామాత్రాలని పాఠకులు గ్రహించాలి.

‘టేక్’ అనే పదానికి ఎదురుగా మొదట కనిపించే చీనా పదం ‘నా’. చేతితో పట్టుకొను, చేతిలోనికి తీసుకొను అని దాని అర్థం. దానిని వ్రాసే లిపిచిహ్నంలో పైభాగం ‘కలియు’ అనే పదానికి, క్రిందిభాగం ‘చేయి’ అనే పదానికి గుర్తు. చేయి కలిస్తే పట్టుకొనడం. ఇంత స్పష్టమైన చిత్రం కన్నులకు కట్టిన తరువాత బాలుడు ఆ అర్థాన్ని మరచిపోడు. చిక్కు కూడా అక్కడనే ఉన్నది. చేతితో పట్టుకొనే క్రియ అని నేర్చినవాడు ఆంగ్లేయులు మందును, బస్సును, స్నానాన్ని, పరీక్షను, కాలాన్ని కూడా అదే క్రియతో పట్టుకొంటారని ఎట్లా ఊహించగలడు?

మందు సంగతి చూద్దాం. చీనా భాషలో మందును తింటారు. ‘చి యావ్’ అంటే మందు తినడం. మాత్ర అయినా, కాచి వడగట్టిన కషాయమైనా సాధారణంగా ‘తినడమే’. అందువలన చీనా విద్యార్థి ఆంగ్లంలోనూ మందును ‘ఈట్’ చేస్తాడు. మనం మందు వేసుకొంటాం, పుచ్చుకొంటాం, మాత్ర అయితే మ్రింగుతాం, కషాయమైతే త్రాగుతాం. మనవారెవరూ మందు ‘తినరు’ గనుక తెలుగు విద్యార్థి ఈ తప్పు చేయడు. ఇందులో అతని ప్రతిభ ఏమీ లేదు. బస్సు విషయానికి వస్తే చీనీయులు ‘జువో’ అంటారు, అనగా కూర్చుండడం. బస్సులో నిలుచుండి ప్రయాణించినా అది ‘కూర్చుండడమే’. మనకు ఎక్కడం ముఖ్యం. ఎక్కిన తరువాత కూర్చున్నామా నిలుచున్నామా అనే విచారం మన క్రియలో లేదు. టాక్సీ అయితే చీనా వాడుకభాషలో మరొక విచిత్రం: ‘దా’ అంటారు, అనగా కొట్టడం. ఈ క్రియను గూర్చి ముందు మరికొంత చెప్పవలసి ఉన్నది.

ఛాయాచిత్రానికి ‘ఝావ్’ అనే క్రియ వాడతారు. ప్రకాశింపజేయు, ప్రతిబింబించు అని దాని అర్థం. చేతితో తట్టడమనే అర్థం గల ‘పాయ్’ కూడా వాడతారు. ఈ ఒక్కచోట తెలుగు ఆంగ్లంతో అచ్చముగా సరిపోయింది. మనమూ ఫోటో తీస్తాం. స్నానానికి కడుగుకొనడమనే క్రియ చాలు. శరీరతాపానికి ‘లియాంగ్’, అనగా కొలవడం. మనం జ్వరం చూస్తాం. ఉపన్యాసం వింటూ వ్రాసుకొనే విషయాలకు ‘జీ’, గుర్తుంచుకొనడం, నమోదు చేయడం. పరీక్షకు ‘కావ్’ అనే ప్రత్యేకక్రియ ఉన్నది. మనం పరీక్ష వ్రాస్తాం. భారతదేశపు ఆంగ్లంలో పరీక్షను ‘రైట్’ చేసే అలవాటు ఇటువంటి దేశీయ ప్రయోగాల బలం వలన నిలిచి ఉండవచ్చు. దానిని చూచి నవ్వే పండితులు చీనా బాలుని ‘మందు తినడాన్ని’ చూచి కూడా నవ్వుతారు. రెండింటి పుట్టుక ఒకటే.

కాలం మరింత క్లిష్టం. పనికి మూడు గంటలు ‘టేక్’ అవుతుందని ఆంగ్లేయుడు అంటే, మూడు గంటలు ‘పడుతుంద’ని మనం అంటాం. చీనా భాషలో మూడు గంటలు ‘కావాలి’, లేదా మూడు గంటలు ‘ఖర్చుపెట్టాలి’. కావలెననే అర్థం గల పదం ‘యావ్’. మందు అనే పదం కూడా ‘యావ్’, స్వరం సహితం అదే, లిపిచిహ్నాలు మాత్రం వేరు. ఖర్చుపెట్టడమనే పదం ‘హువా’. అదే ఉచ్చారణతో, అదే చిహ్నంతో పువ్వు అనే అర్థం కూడా ఉన్నది. నానార్థాలు, సమానోచ్చారణలు ఇంత విస్తారంగా గల భాషలో పుట్టి పెరిగిన బాలునికి పరభాషలోని నానార్థం భయంకరంగా తోచడమే ఆశ్చర్యం.

ఈ ఆశ్చర్యానికి కారణం బాలునిలో లేదు, బోధలో ఉన్నది. చీనా పాఠశాలలో పదాలను కంఠస్థం చేయడానికి వాడే క్రియకు ‘వీపు’ అనే అర్థం కూడా ఉన్నది. పుస్తకానికి వీపు త్రిప్పి అప్పగించడం అన్నమాట. మన వీథిబడుల పద్ధతి కూడా అదే కనుక దానిని నేను నిందించను. అమరం వల్లెవేసినవారు ఆ పని చేయరాదు. కాని వల్లెవేసేది ఏమిటన్నది ప్రధానం. ఎడమవైపు ఒక ఆంగ్లపదం, కుడివైపు ఒక చీనాపదం ఉన్న పట్టికను వల్లెవేస్తే, ప్రతి ఆంగ్లపదానికి ఒక చీనాపదం సమానమనే అపోహ పట్టికతోపాటు కంఠస్థమవుతుంది. తరువాత రెండవ అర్థం, మూడవ అర్థం ఎదురైనప్పుడు అవి మొదటిదానికి అపవాదాలుగా, దుర్గ్రహాలుగా కనిపిస్తాయి. పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో విద్యార్థుల దోషాలు అజ్ఞానచిహ్నాలు కావనీ, వారు తమలో నిర్మించుకొంటున్న భాషావ్యవస్థకు సాక్ష్యాలనీ ప్రతిపాదించారు. మందును ‘ఈట్’ చేసిన వాక్యంలో వ్యాకరణలోపం లేదు, అర్థలోపం లేదు. లోపించింది మందుకు ఆంగ్లంలో ఏ క్రియ తోడన్న జ్ఞానం మాత్రమే.

ఇక ‘దా’ సంగతి. కొట్టడం దీని ముఖ్యార్థం. క్రీ.శ. 1007 నుండి 1072 వరకు జీవించిన ఓయాంగ్ షియు అనే సుప్రసిద్ధ చీనా పండితుడు, చరిత్రకారుడు, తన కాలపు వాడుకలో ఈ పదం పొందిన వికారాన్ని చూచి విసుగుకొన్నాడు. పడవలు, బండ్లు చేయడం ‘దా’, చేపలు పట్టడం ‘దా’, నీరు తోడడం ‘దా’, గొడుగు పట్టడం ‘దా’. పండితులు సైతం ఇట్లా వాడుతున్నారని అతని ఆక్షేపణ. తొమ్మిదివందల సంవత్సరాలు గడచినవి. ఆక్షేపణ పుస్తకంలో నిలిచింది. పదం మాత్రం ఆగలేదు. నేడు చీనా భాషలో టెలిఫోను చేయడం, సూదిమందు ఇవ్వడం, స్వెటరు అల్లడం, ఆవులించడం అన్నీ ‘దా’ తోడనే.

తెలుగువానికి ఇందులో వింత ఏమున్నది? మన ‘కొట్టు’ క్రియను చూడండి. తలుపు కొడతాం, చప్పట్లు కొడతాం, కొబ్బరికాయ కొడతాం, గోడకు సున్నం కొడతాం. వాసన దానంతట అదే కొడుతుంది. సైకిలు చక్రానికి గాలి కొట్టడం మన ప్రయోగం. చీనా భాషలోనూ గాలిని ‘దా’ చేస్తారు. టైపు కొట్టడం, ఫోను కొట్టడం, కట్టెలు కొట్టడం, ఈ మూడింటికీ ఆ భాషలో ‘దా’ సరిపోతుంది. పరస్పర సంపర్కం అల్పమైన రెండు భాషలు ఇంతగా కలిసి నడవడం చూచినప్పుడు, నానార్థం భాషకు పట్టిన రోగం కాదనీ, ముఖ్యక్రియలు కొద్దిగాను పనులు అనంతంగాను ఉన్నచోట జరుగవలసిందే జరుగుతున్నదనీ ఒప్పుకోవలసి వస్తుంది.

కనుక చీనా విద్యార్థికి ‘టేక్’ నేర్పే ఉపాధ్యాయుడు మొదట నల్లబల్లమీద ‘దా’ అని వ్రాయాలని నా అభిప్రాయం. గొడుగు తోడైతే పట్టడమనీ, నీరు తోడైతే తోడడమనీ, ఊలు తోడైతే అల్లడమనీ ఆ బాలునికి ఎవరు నేర్పారు? ఏ నిఘంటువూ నేర్పలేదు. తోడిపదమే అర్థాన్ని నిర్ణయించిందని అతని చేతనే చెప్పించిన తరువాత ఆంగ్లక్రియకు రావాలి.

ఇది మన శాస్త్రానికి చిరపరిచితమైన మార్గం. భర్తృహరి వాక్యపదీయ ద్వితీయకాండలో, అర్థం సందిగ్ధమైనప్పుడు విశేషార్థాన్ని నిర్ణయించే హేతువులను పరిగణించాడు. సంయోగ విప్రయోగాలు, సాహచర్యం, ప్రకరణం, ఔచిత్యం, దేశకాలాలు మొదలైనవాటితోపాటు అన్యశబ్దసన్నిధిని కూడా అందులో చేర్చాడు. ‘టేక్’ విషయంలో ప్రధానహేతువు ఈ శబ్దాంతరసన్నిధియే. సైంధవ శబ్దానికి ప్రకరణం కావాలి. భోజనమా ప్రయాణమా తెలియాలి. ‘టేక్’ క్రియకు ప్రకరణం వరకు పోనవసరం లేదు. ప్రక్కన ఉన్న నామవాచకమే చాలు. ఈ భేదాన్ని గుర్తించకుండా రెండింటినీ నానార్థమనే ఒకే గంపలో వేయడం సరికాదు. ఉప్పుకు, గుర్రానికి ఉన్న సంబంధం పుట్టుక సంబంధమే. సింధుదేశంలో పుట్టినవి గనుక రెండూ సైంధవాలైనాయి. మందు పుచ్చుకొనడానికి, బస్సు ఎక్కడానికి అటువంటి సంబంధం ఒకదానిని చూపడం కష్టం. భర్తృహరి సైతం అర్థభేదం ఉన్నచోట శబ్దం ఒకటేనా, అర్థానికొక శబ్దమా అనే ఉభయపక్షాలను ప్రస్తావించి ఉంచాడు. తాత్త్వికునికి అది చర్చనీయాంశం. విద్యార్థికి రెండవపక్షమే క్షేమం. ‘మందు-టేక్’ ఒక శబ్దం, ‘బస్సు-టేక్’ మరొక శబ్దం అనుకొని నేర్చుకొంటే అతనికి నష్టం లేదు.

పాశ్చాత్యులలో ఈ శబ్దసాహచర్యాన్ని సిద్ధాంతస్థాయికి తెచ్చినవారు జె. ఆర్. ఫర్త్. పదాన్ని దాని సహచరులను బట్టి ఎరుగవలెనని 1957లో ప్రకటితమైన వ్యాసంలో వారు చెప్పిన మాట జగద్విదితం. వారు 1919 నుండి 1928 వరకు లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో ఆంగ్లాచార్యులు. 1937లో గుజరాతీ, తెలుగు భాషల పరిశోధనకై తిరిగి భారతదేశానికి వచ్చారు. ఆ ఏటనే హూనాన్ రాష్ట్రపు చీనా మాండలికంలోని ఏకాక్షరపద నిర్మాణాన్ని గూర్చి రోజర్స్‌తో కలిసి వ్యాసం ప్రకటించారు. తెలుగును, చీనాను రెండింటినీ శ్రద్ధగా విన్న పండితుడు పదసాహచర్యవాదానికి ఆద్యుడు కావడం మనకు ముచ్చట గొలిపే విషయం. ఫర్త్ భర్తృహరిని అనుసరించారని నేననడం లేదు. వేరువేరు కాలాలలో, వేరువేరు ప్రయోజనాలకై ఇద్దరు ఒకే విషయాన్ని గమనించారు.

ఇక్కడ ఒక బలమైన ప్రతిపక్షం ఉన్నది. ‘టేక్’ క్రియకు స్వాధీనపరచుకొనడం అనే ఒక కేంద్రార్థం కలదనీ, మిగిలినవన్నీ దానినుండి వ్యాపించినవేననీ, ఆ కేంద్రాన్ని పట్టిస్తే శాఖలు వాటంతట అవే వస్తాయనీ కొందరు ఆధునికుల మతం. వినడానికి ఇది మన లక్షణావాదం వలె ఉంటుంది గనుక మనకు ప్రీతి కలిగిస్తుంది. కాని లక్షణలో రూఢిమూలకం వేరు, ప్రయోజనమూలకం వేరు అన్న భేదాన్ని ఇక్కడ మరువరాదు. కుశల శబ్దానికి దర్భలు కోసేవాడు అని వ్యుత్పత్తి. నేర్పరి అని వాడుక. చేయి తెగకుండా దర్భ కోయడానికి నేర్పు కావాలి గనుక ఆ అర్థం వచ్చిందని వ్యాఖ్యాతలు వివరిస్తే మనం తల ఊపుతాం. కాని నేర్పరి అనే అర్థం ముందు తెలియనివాడు దర్భలనుండి నేర్పును ఊహించగలడా? స్నానాన్ని ‘టేక్’ చేయడమూ ఇట్టిదే. తెలిసిన తరువాత సమన్వయం రమ్యంగా ఉంటుంది. తెలియకముందు అది దారి చూపదు. పైగా అక్కడ ఆ క్రియకు స్వార్థం దాదాపు శూన్యం. మన ‘స్నానం చేయు’లో ‘చేయు’ వలె, నామవాచకాన్ని క్రియగా నడిపించే వాహనం మాత్రమే.

పదచరిత్ర కూడా ఈ కేంద్రార్థవాదులకు తోడురాదు. ‘టేక్’ ఆంగ్లుల స్వకీయపదం కాదు. స్కాండినేవియా నుండి వచ్చి స్థిరపడినవారి ‘తాక’ అనే క్రియ అది. ప్రాచీనాంగ్లంలో ఆ పని చేసిన ‘నిమన్’ అనే దేశీయక్రియ క్రమంగా నశించి, ‘నమ్’, ‘నింబుల్’ అనే రెండు విశేషణాలలో అవశేషంగా మిగిలింది. ఆరంభార్థం ఎంత వెతికినా స్నానం, పరీక్ష అందులో కనబడవు.

క్రియకు ‘ఆఫ్’, ‘అప్’, ‘ఓవర్’, ‘ఇన్’ వంటి చిన్నపదాలు చేరినప్పుడు కష్టం రెండింతలవుతుంది. ‘ఆఫ్’ చేరితే దుస్తులు విప్పడం, విమానం లేవడం రెండూ అవుతాయి. చీనా భాషలో మొదటిది ‘తువో’, రెండవది ‘చీ ఫేయ్’; ‘లేచి ఎగురు’ అని దాని అర్థం. ‘ఇన్’ చేరితే ఆశ్రయమివ్వడమూ కావచ్చు, మోసగించడమూ కావచ్చు. సంస్కృతం చదివినవారికి ఇది ఉపసర్గల లీల. హృ ధాతువు ప్రహార, ఆహార, సంహార, విహార, పరిహారాలుగా మారడం మనం బాల్యంలోనే విన్నాం. ఇచ్చుట అనే అర్థం గల దా ధాతువుకు ‘ఆ’ చేరగానే పుచ్చుకొనుట అవుతుంది, దానం ఆదానమవుతుంది. ఇంతకంటె విపరీతం ఆంగ్లంలో ఏమున్నది? తేడా ఒకటే: మన ఉపసర్గ క్రియకు ముందు కూర్చుంటుంది, ఆంగ్లంలోని చిన్నపదం వెనుక నిలుస్తుంది, ఒక్కొక్కప్పుడు కొంత దూరంగా కూడా నిలుస్తుంది.

చీనా విద్యార్థులు ఇట్టి సంయుక్తక్రియలను తప్పించుకొని ఏకపదక్రియలను ఆశ్రయిస్తారని లియావ్, ఫుకుయా అనే పరిశోధకులు 2004లో ప్రకటించిన వ్యాసంలో చూపారు. భాషలో ప్రౌఢి వచ్చినకొలది ఈ పరిహారబుద్ధి తగ్గుతున్నదని కూడా వారి ఫలితం. ఇందులో నాకు శోచనీయంగా తోచేది ఏమంటే, చీనా భాషలో క్రియ వెనుక చేరి అర్థాన్ని మార్చే పదాలు పుష్కలం. తలచుట అనే క్రియకు ‘చీ లాయ్’, అనగా ‘లేచి వచ్చు’ చేరితే జ్ఞాపకం రావడం. చూచుట అనే క్రియకు అవే చేరితే ‘కనిపించుచున్న’దనే అర్థం. సొంతయింటిలో ఉన్న సామగ్రినే పరాయియింట చూచి గుర్తించలేకపోవడం విద్యార్థి దోషం కాదు. అది చూపించవలసినవాడు చూపలేదు.

ఇక నిఘంటువుల మాట. ఆంగ్లం నేర్చేవారికై పదసాహచర్యాన్ని సేకరించే పని తూర్పుదేశంలోనే మొదలైంది. హెచ్. ఇ. పామర్ 1933లో టోక్యోనుండి ఈ విషయమై ఒక నివేదికను ప్రకటించారు. ఎ. ఎస్. హార్న్‌బీ నిఘంటువు 1942లో మొదట అక్కడనే వెలువడింది. దాని పరంపరలోని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువును 1897లో స్థాపితమైన చీనా ప్రచురణసంస్థ, కమర్షియల్ ప్రెస్, ఆంగ్ల చీనా వివరణలతో ప్రకటిస్తూ వచ్చింది. ఉపకారం గొప్పదే. అయినా అందులో కూడా ‘టేక్’ క్రింద అర్థాలు అంకెలతో వరుసగా ఉంటాయి. చదివేవానికి ఆ వరుస ఉపయోగమే. మాట్లాడేవానికి, వ్రాసేవానికి అది నిరుపయోగం. మాట్లాడేవాని మనస్సులో ముందుగా ఉన్నది మందు. అతనికి తెలియనిది దాని తోడి క్రియ. అతడు ‘మందు’ అనే పదం దగ్గర వెతుకుతాడు. సమాధానం ‘టేక్’ క్రింద పదునాల్గవ అంకె దగ్గర దాగి ఉంటే అది అతనికి దొరికేదెట్లా? పాఠశాలస్థాయి పదపట్టికలలోనైనా నామవాచకం క్రింద దాని సహచరక్రియను వ్రాయాలి. చీనీయుల ప్రాచీనకోశం ‘ఎర్ యా’ పదాలను విషయాన్ని బట్టి పందొమ్మిది అధ్యాయాలుగా విభజించి, ఏకార్థకాలను ఒకచోట చేర్చింది; అమరకోశం వలెనే. అర్థం నుండి పదానికి పోయే మార్గం ఆ సంప్రదాయానికి కొత్త కాదు.

ఈ విచారం మనకెందుకని ఎవరైనా అడుగవచ్చు. ‘టేక్’ ప్రభావం తెలుగు మీద ఏమి చేస్తున్నదో దినపత్రిక చూస్తే తెలుస్తుంది. ‘నిర్ణయించారు’ అన్నచోట ‘నిర్ణయం తీసుకొన్నారు’, ‘దండించారు’ అన్నచోట ‘చర్య తీసుకొన్నారు’. మన ‘తీయు’ స్వతంత్రంగా ఎంత సంపన్నమైన క్రియ! తలుపు తీస్తాం, కునుకు తీస్తాం, రాగం తీస్తాం, పరుగు తీస్తాం. వీటిలో ఏ ఒక్కదానికీ ఆంగ్లం ఋణదాత కాదు. క్రొత్త ప్రయోగాలను నేను పూర్తిగా నిషేధించను. నిషేధించి ఓయాంగ్ షియు సాధించినదేమిటో చూచాం. కాని ఆంగ్ల తెలుగు పట్టికలలో ‘టేక్’ అంటే ‘తీసుకొను’ అని ఒక్కమాటతో ముగించే పద్ధతి చీనా పాఠశాలలోని ‘నా’ వంటిదే. బ్రౌన్ తన తెలుగు నిఘంటువును 1852లో ప్రకటించినప్పుడు క్రియల క్రింద ప్రయోగాలను ఉదారంగా ఇచ్చాడు. ఆ ఔదార్యం నేటి విద్యార్థి చేతికి అందే చిన్న నిఘంటువులలో కనబడదు.

చీనా భాష నేర్వదలచిన తెలుగు విద్యార్థికి ‘దా’ పాఠాన్ని మన ‘కొట్టు’ తోడనే ఆరంభించవచ్చు. గాలి, టైపు, ఫోను, కట్టెలు, ఇనుము వరకు బండి సాఫీగా నడుస్తుంది. గొడుగు దగ్గర మాత్రం ఆపి చెప్పాలి: చీనీయులు గొడుగును ‘కొడతారు’, మనం వేసుకొంటాం.